వాసన: ఉంది

మీలో ఎవరికైనా ఏడాది పొడుగునా జలుబు వదలకుండా ఉంటే ఈ నాలుగు మాటలూ చదవండి. లేకపోతే మీ అదృష్టం, అయినా చదవండి. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు నా ముక్కు వల్ల జరిగింది. ముక్కు వల్ల అనడం కూడా సరి కాదు. ముక్కు పనిచేయడం లేదని ఒప్పుకోని నోటి వల్ల జరిగింది.

నేను ప్రభుత్వ బస్సుల్లో కండక్టరుగా చేరాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊళ్ల మధ్యే ఎక్కువ కాలం టికెట్లు కొట్టాను. మోకాళ్లు అరిగిపోయాక డిపోలో కూర్చునే పని ఇచ్చారు. కంట్రోలరు అని పేరు. ఆ డిపో ఈ మూడింటిలో ఏ ఊళ్లో ఉందో మాత్రం చెప్పను. చెబితే మనుషులు తెలిసిపోతారు. వాళ్లలో సగం మంది ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు.

తెల్లవారుజాము నాలుగింటి నుంచి డ్రైవర్లు ఒక్కొక్కరే డ్యూటీ గదిలోకి వచ్చేవాళ్లు. వాళ్ల చేత ఊదించి, తాగలేదని తేల్చుకుని, బస్సు నంబరు రాసి పంపడం నా పని. ఊదుడు మిషన్ అనేవాళ్లం దాన్ని. చేతిలో పట్టేంత ఉంటుంది. తాగినవాడు ఊదితే ఎర్రలైటు వెలిగి కూస్తుంది. మాకు వచ్చినది పాతబడి, ఒక్కోసారి సోంపు నమిలిన వాడిని చూసి కూడా కూసేది. అందుకని పైనుంచి ఒక ఆర్డరు వచ్చింది. మిషన్ కూస్తే కంట్రోలరు స్వయంగా డ్రైవరు నోరు వాసన చూడాలి. కాగితంలో ‘వాసన’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘ఉంది’ అనో ‘లేదు’ అనో రాయాలి. లేదు అని రాస్తే ఆ మనిషిని ఆసుపత్రికి పంపి రక్తపరీక్ష చేయించాలి. ఉంది అని రాస్తే ఆ అవసరం లేదు, అక్కడికక్కడే సస్పెన్షను. అంటే ఒక మనిషి ఉద్యోగం నా ముక్కుపుటాల్లో ఉండేదన్నమాట. నవ్వకండి, నిజంగానే ఉండేది.

ఆ గదికి ఒకే కిటికీ. చలని, డీజిలు పొగని నేనే దాన్ని మూయించాను. రోజుకు నలభై యాభై మంది ఆ మూసిన గదిలో నా మొహానికి మూరెడు దూరంలో నిలబడి ఊదేవాళ్లు. వాళ్లలో దగ్గేవాడు, తుమ్మేవాడు, జ్వరంతో వచ్చినవాడు అందరూ ఉండేవాళ్లు. నాకేమో పది పదిహేను రోజులకొకసారి జలుబు. అయినా ఈ రెండింటికీ సంబంధం ఉందని నా బుర్రకు తట్టలేదు. అమాయకత్వం అనుకోండి, మొద్దుతనం అనుకోండి.

నేను చేయని వైద్యం లేదు. పెరుగు మానేశాను. తలస్నానం వారానికి ఒకసారికి తగ్గించాను. నల్లజీలకర్ర మూట కట్టుకుని జేబులో పెట్టుకుని పీల్చేవాణ్ణి. మా ఇంటావిడ మిరియాలు దంచి కషాయం కాచేది, పసుపు వేసి ఆవిరి పట్టించేది. మే నెలలో కూడా చెవులకు మఫ్లరు చుట్టుకుని డిపోకి వెళ్లేవాణ్ణి. డ్రైవర్లు నన్ను చూసి ఊటీ నుంచి వచ్చినాడని ఎగతాళి చేసేవాళ్లు. జలుబు మాత్రం నా దగ్గర అద్దెకు దిగినట్టు కూర్చుంది.

ఆ ఏడాది వానలు మొదలైనప్పటి నుంచి అది ఐదోసారి. సెలవు అడిగితే మా మేనేజరు నన్ను కిందికీ పైకీ చూశాడు. ఇంకోసారి జలుబని సెలవు చీటీ తెస్తే డ్యూటీ గదికి వేరే వాణ్ణి చూసుకుని నిన్ను మళ్లీ బస్సెక్కిస్తానన్నాడు. చెడ్డవాడేం కాదు, అప్పటికే నేను పెట్టిన సెలవులు ఎక్కువ. కానీ అరిగిన మోకాళ్లతో మళ్లీ బస్సులో నిలబడడం నా వల్ల అయ్యే పని కాదు. ఆ రోజు నుంచి జలుబు చేసినా చేయలేదన్నట్టు నటించడం మొదలుపెట్టాను.

నటన మొదలుపెట్టిన నాలుగో రోజున ఆ డ్రైవరు వచ్చాడు.

ఆయనది మైలవరం దారిలో ఒక పల్లె. పులివెందుల మొదటి సర్వీసు ఆయనది. ఏడేళ్ల కిందట ఒకసారి తాగి దొరికాడు. ఇంక్రిమెంట్లు పోయాయి, పరువు పోయింది, అప్పటితో తాగుడు మానేశాడు. మానేశాడని అందరూ అనేవాళ్లు, ఆ మాట వెనకే ఒక చిన్న నవ్వు కూడా నవ్వేవాళ్లు. రెండోసారి దొరికితే ఉద్యోగమే పోతుందని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

ఆయన ఊదాడు. మిషన్ కూసింది. వెనక వరుసలో ఉన్నవాళ్ల గుసగుస ఆగిపోయింది.

“తాగలేదు సార్,” అన్నాడు. “పడిశెం పట్టింటే టానిక్ తాగినా. సంచిలో సీసా ఉండాది, చూడండి.”

సీసా తీసి బల్ల మీద పెట్టాడు. తులసి బొమ్మ ఉన్న దగ్గు మందు. దొరికిన ప్రతివాడూ టానిక్ అనే అంటాడు, ఆ పాట నేను వందసార్లు విన్నాను. మళ్లీ ఊదించాను. మళ్లీ కూసింది.

“మిషన్ వద్దు సార్. మీరే వాసన చూడండి,” అని ముందుకు వంగి నా మొహం మీద గట్టిగా ఊదాడు.

నాకు గాలి తగిలింది. వెచ్చగా తగిలింది. అంతే. నాలుగు రోజులుగా నా ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయి ఉంది. అగరొత్తులు తెలియవు, డీజిలు తెలియదు, తాలింపు తెలియదు. అప్పుడు నేను అనవలసిన మాట ఒక్కటే. నాకు జలుబు, ఇంకొకరిని పిలవండి. అంత చిన్న మాట. బయట పులివెందుల ప్రయాణికులు బస్సెందుకు కదలదని అరుస్తున్నారు. మేనేజరు అప్పుడే గేటు దగ్గర స్కూటరు దిగాడు. ఎదురుగా ఉన్నవాడు ముందొకసారి దొరికినవాడే. నేను కలం తీసి గడిలో ‘ఉంది’ అని రాశాను. సంతకం చేశాను.

ఆయన ఆ కాగితం చదువుకున్నాడు. గొడవ చేస్తాడనుకున్నాను, చేయలేదు. సీసాను కవరులో పెట్టి సీలు వేశారు. ఆయన ఖాళీ సంచి భుజానికి తగిలించుకుని గేటు దాటి వెళ్లిపోయాడు. ఆ బస్సును వేరే డ్రైవరు తీసుకెళ్లాడు.

మూడో రోజు ఆయన భార్య వచ్చింది. చెప్పులు బయట విడిచి, గుమ్మం దగ్గరే నిలబడింది. ఏడుస్తుందేమోనని నేను ముందే తల దించుకున్నాను. ఆమె ఏడవలేదు.

“సార్, నేను రోజూ ఆయప్ప నోరు వాసన చూసే డ్యూటీకి పంపిస్తా. ఏడేండ్లుగా చూస్తాండా. ఆ పొద్దు గూడా చూసినా. తులసాకు, శొంఠి వాసన తప్ప ఇంగోటి లేదు. మీకు సారాయి వాసన యాడ నుంచి వచ్చె?”

నిజం చెప్పడానికి దేవుడు నాకు ఇచ్చిన రెండో అవకాశం అది. నేనేం అన్నానో ఇప్పటికీ రాయడానికి సిగ్గేస్తుంది.

“నేనూ దగ్గర్నుంచి చూసినా గదమ్మా. కాగితం మీద రాసినా. నీకే పడిశెం పట్టింటాది, నీ ముక్కు ఒకసారి చూపిచ్చుకో.”

 ఆమె చేత్తో ముక్కు కొనను ఒకసారి తాకి చూసుకుంది. తర్వాత చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆ చెయ్యి ముక్కు దగ్గరికి వెళ్లిన తీరు నన్ను ఆ తర్వాత చాలా రోజులు పడుకోనివ్వలేదు.

విచారణకు దాదాపు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలు డిపోలో ఆయన మాట వచ్చినప్పుడల్లా నేను లేచి వేరే పని చూసుకునేవాణ్ణి. ఆయన జమ్మలమడుగులో ఎవరిదో లారీ మీద పనికి పోతున్నాడని ఒకరన్నారు, ఇంట్లోంచి బయటికే రావడం లేదని ఇంకొకరన్నారు. విచారణకు ముందు రోజు క్యాంటీనులో టీ తాగుతుంటే, క్యాంటీను నడిపే ఆమె నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆమె అట్లా కూర్చునే మనిషి కాదు.

“అన్నా, ఆయప్పను పట్టుకున్న పొద్దు జ్ఞాపకం ఉండాదా? ఆ పొద్దు నా పాలు అడుగంటి మాడిపాయ. డ్రైవర్లు ఒగరూ తాగలే, పారబోయమనిరి. నువ్వొక్కనివే రెండు గ్లాసులు తాగి బాగుండాదమ్మా అంటివి.”

నేను గ్లాసు కింద పెట్టాను. అయితే ఏమంటావన్నాను.

“మాడిన పాలు తెలియనోనికి, ఆ మనిషి నోట్లోది ఎట్ల తెలిసె?”

ఎవరికైనా చెప్పావా అని అడిగాను. గొంతు తగ్గించమని నాకు నేనే చెప్పుకోవలసి వచ్చింది.

“నేను చెప్పను. చెప్పాల్సినోళ్లు వేరే ఉండారు,” అని లేచి గ్లాసులు కడగడానికి పోయింది.

ఆ రాత్రంతా ఒకటే ఆలోచన. నిజం చెబితే తప్పుడు రిపోర్టు రాసినందుకు నా మీద కేసు. రిటైరు కావడానికి నాలుగేళ్లుంది, పెన్షనుకు ఎసరు. చెప్పకపోతే ఆయన ఉద్యోగం పోతుంది. ఇంటావిడతో అందామనుకుని కూడా అనలేకపోయాను. పొద్దున లేచేసరికి మాత్రం ఒక విచిత్రం. నా ముక్కు పూర్తిగా తెరుచుకుంది. స్నానానికి పోతే సబ్బు వాసన గుప్పున తగిలింది. ఇన్నాళ్లూ రాని మనిషి పని లేని రోజున వచ్చినట్టయింది.

విచారణ అధికారి జిల్లా ఆఫీసు నుంచి వచ్చాడు. కోస్తా మనిషి, మాట నెమ్మది. బల్లకు ఒక పక్క నేను, ఇంకో పక్క ఆ డ్రైవరు. మూడు నెలల్లో ఆయన మెడ దగ్గర చొక్కా వదులైంది. అధికారి ఆయన్ని ఏవో నాలుగు ప్రశ్నలు అడిగాడు. తర్వాత నా కాగితం తీసి, గడి మీద వేలు పెట్టి, ఇది మీ చేతిరాతేనా అన్నాడు. అవునన్నాను.  చెప్పేద్దామని ఊపిరి తీసుకున్నాను. సార్, ఆ రోజు నాకు జలుబు. నాలుగు మాటలే. మనసులో పేర్చి పెట్టుకున్నాను.

అంతలో అధికారి సీలు వేసిన కవరు చించి, ఆ టానిక్ సీసా బయటికి తీశాడు. మూత తిప్పి నా ముక్కు దగ్గర పెట్టాడు.

“జ్ఞాపకం తెచ్చుకుని చెప్పండి. ఆ రోజు మీకు వచ్చిన వాసన ఇదేనా?”

తులసి, శొంఠి, వాటి అడుగున కొంచెం ఘాటు. జీవితంలో మొదటిసారి ఆ మందు వాసన చూస్తున్నాను. ఒక్క క్షణంలో నాకు దారి కనబడింది. అవునంటే ఆయన ఉద్యోగం దక్కుతుంది. నాదీ దక్కుతుంది. తప్పుడు రాత కాస్తా మామూలు పొరపాటైపోతుంది. పేర్చి పెట్టుకున్న నాలుగు మాటలూ ఎటో పోయాయి.

“ఇదే సార్,” అన్నాను. “ఇదే వాసన. నేనే సారాయి అని పొరపాటు పడినాను.”

అధికారి తలాడించి రాసుకున్నాడు. పోతూ పోతూ, తప్పు ఒప్పుకునే ధైర్యం అందరికీ ఉండదని నా భుజం తట్టాడు. ఆ చెయ్యి పడిన చోట నాకు సాయంత్రం దాకా మంటగా ఉంది. పది రోజుల్లో ఆ డ్రైవరు మళ్లీ పులివెందుల బస్సు ఎక్కాడు. ఎదురైతే నమస్కారం పెట్టేవాడు. నేను కూడా పెట్టేవాణ్ణి. మా ఇద్దరి మధ్య అంతకు మించిన మాటలు లేవు. క్యాంటీను ఆమె నాకు టీ ఇస్తూనే ఉంది, బాగుందా అని మాత్రం అడగడం మానేసింది.

తర్వాత కరోనా వచ్చింది. బస్సులు ఆగాయి, తిరిగి నడిచినా చాన్నాళ్లు ఊదుడు లేదు, అందరి మూతులకూ గుడ్డలు. ఆ నెలల్లో నాకు ఒక్కసారి కూడా జలుబు చేయలేదు. పెరుగు తిన్నాను, మఫ్లరు అటక మీద పారేశాను, అయినా రాలేదు. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లూ నేను కషాయాలతో కొట్టిన శత్రువు నేను మూయించిన కిటికీ వెనకే ఉన్నాడని. ఊదుడు మళ్లీ మొదలైనప్పుడు బల్లను గదిలోంచి తీయించి వరండాలో గాలి ఆడే చోట వేయించాను. మొహం మీద ఊదనివ్వకుండా పక్కకు తిరిగి ఊదమన్నాను. పక్కన సబ్బూ నీళ్ల బకెట్టూ పెట్టించాను, దగ్గేవాణ్ణి విడిగా నిలబెట్టాను. జలుబు పూర్తిగా పోలేదు, ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. కానీ వచ్చిన రోజున బల్ల మీద అట్ట ముక్క ఒకటి నిలబెట్టేవాణ్ణి. ‘ఈరోజు కంట్రోలరుకు జలుబు. వాసన చూడడానికి ఇంకొకరు వస్తారు.’ మేనేజరు దాన్ని చూసి ఒకసారి నవ్వాడు, ఏమీ అనలేదు. అంత భయపడిన మాట చివరికి అట్ట ముక్క మీద పట్టింది.

నేను రిటైరైన రోజు డిపోలో దండలు వేశారు, నలుగురు మాట్లాడారు. తప్పు ఒప్పుకున్న మనిషి అని మేనేజరు ఆ విచారణ సంగతే ఎత్తి పొగిడాడు. ఆ డ్రైవరు రెండో వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. అంతలో క్యాంటీను ఆమె టీ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చి, పోకుండా అక్కడే నిలబడింది. గ్లాసు నోటి దగ్గరికి తెచ్చుకుంటేనే తెలిసింది. పాలు మాడ్చింది. పొరపాటున కాదు.

“ఎట్లుండాదన్నా?” అంది.

“మాడిందమ్మా,” అన్నాను.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. గ్లాసు వెనక్కి తీసుకుని, వేరే టీ తెచ్చిపెట్టింది. ఇక నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. జనం పలచబడ్డాక ఆ డ్రైవరును గేటు పక్కకు పిలిచి, దండ మెడలో ఉండగానే అంతా చెప్పేశాను. ఆ రోజు నాకు ఏ వాసనా రాలేదని, విచారణలో చెప్పింది కూడా అబద్ధమేనని. తిడతాడని, కొట్టినా కొడతాడని అనుకున్నాను.

“తెలుసు సార్,” అన్నాడు. “నేను ఊదినప్పుడు మీరు నోటితో గాలి పీలుస్తాండారు. ముక్కు మూసుకుపోయినోడే అట్ల పీల్చేది.”

మరి ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

“నేను చెప్తే నమ్మేదెవరు? ఆనక మీరే ఇదే వాసన అనేస్తిరి, నా పని అయిపాయ. ఇంగ తవ్వలే.” గేటు కమ్మీ పట్టుకుని అన్నాడు. “నా సంగతి వదిలేయండి. ఒగసారి మా ఇంటికి వచ్చి ఆమెకు చెప్పండి సార్. ఆ పొద్దు మీరు ఆమె ముక్కే సరిలేదంటిరంట. అప్పటి నుంచి నా నోరు వాసన చూడ్డమే మానేసింది. నా ముక్కు మీద నాకే నమ్మకం లేదు అంటాది. ఆమె చూస్తాదనే గదా సార్, ఇన్నేండ్లు నేను సారాయి దుకాణం ముందర నుంచి పోయినా కాలు నిలబడంది. ఇప్పుడు సాయంత్రమైతే నాకే భయమైతాది.”

ఉద్యోగం తీశాను, ఉద్యోగం ఇచ్చాను, అక్కడితో ఈ కథ అయిపోయిందని నేననుకున్నాను. ఒక ఇంట్లో నా అబద్ధం అన్నేళ్లు కాపురం చేసిందని అప్పుడు తెలిసింది.

ఆ ఆదివారమే మైలవరం బస్సెక్కి వాళ్ల పల్లెకు వెళ్లాను. ఆమె మంచం వాల్చి కూర్చోమంది. నీళ్లిచ్చింది. నీళ్లు తాగకముందే చెప్పేశాను. ఆ రోజు నాకే జలుబమ్మా, నాకు ఏ వాసనా రాలేదు, నువ్వు చెప్పిందే నిజం, నీ ముక్కుకు ఏమీ కాలేదు అన్నాను. క్షమించమని కూడా అడిగాను. ఆమె గుమ్మంలో కూర్చుని అంతా వింది. 

తర్వాత లేచి, లోపల అన్నం తింటున్న భర్తను పిలిచింది. ఎంగిలి చేత్తోనే వచ్చాడాయన.

“ఇట్ల రా. ఊదు.”

ఆయన ఆమె మొహం దగ్గరికి వంగి, మిషన్‌లో ఊదినట్టే గట్టిగా ఊదాడు. ఆమె కళ్లు మూసుకుని పీల్చింది.

“ఎర్రగడ్డ తిన్నావు,” అంది.

నేను కూర్చున్న మంచం దాకా వచ్చింది ఉల్లిపాయ వాసన.